రాగి కెటిల్‌కు మార్చుకున్న నెల్

లెమెంటీనా గ్రేకి మనుషుల మీద పెద్ద నమ్మకాలు లేవు గానీ, కుక్కపిల్లల సంగతి వస్తే ఆమె మాట మాటే. ఫెన్ అనే చిత్తడి నేలల్లో తిరిగే జిప్సీ బండ్లన్నిటిలో లర్చర్ అనే వేటకుక్క పిల్లను ఎంచాలంటే ఆమె తర్వాతే ఎవరైనా. రంగు చూసి, రూపు చూసి ఎంచేది కాదు. తల్లి దగ్గర పాలు తాగుతున్న పిల్లను గబుక్కున లాగేసి, నాలుగు బారల దూరంలో గడ్డి మీద పెట్టేది. కుయ్యోమొర్రోమని ఏడ్చిందా, ఆ పిల్ల పని అయిపోయినట్టే. కిమ్మనకుండా ముక్కెత్తి, గాలి పట్టుకుని, తల్లి ఎటుందో తేల్చుకుని తడబడుతూ వెనక్కి వచ్చిన పిల్ల మాత్రం ఉండిపోయేది.

"ఆకలేసినప్పుడు అరవనిది కుందేలు వెనకాల కూడా అరవదు," అనేది. అంతకు మించి చెప్పేది కాదు.

ఆమెను చేసుకుంటానని ఒకడు వచ్చాడు కూడా. బంగాళాదుంపలు తవ్వే పనిలో పరిచయం. వాడికి కూడు పెట్టడం కాస్త ఆలస్యం చేసి చూసిందట. "అరిచే రకం," అని పంపేసింది. మళ్ళీ ఎవరూ రాలేదు. ఆమె కూడా ఎదురు చూడలేదు.

ఈ విద్య తండ్రిది. ఆయన పేరు గోలియత్. బైబిల్లో గొల్యాతు కొండంత మనిషి. ఈయనకేమో బండి మెట్టెక్కితే తప్ప గుర్రం వీపు కనపడదు. ఆ పేరు పెట్టినవాళ్ళు నవ్వుకున్నారో లేదో గానీ, ఆయన ఎదుట నవ్వి బాగుపడినవాడు లేడు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. చేతికి ఏ వస్తువొచ్చినా ముందు తిరగేసి అడుగు తట్టేవాడు. బకెట్టు కానీ, పెనం కానీ, ఎవరైనా ఆప్యాయంగా చేతికిచ్చిన టీ కప్పు కానీ, మోత విన్నాకే మాట. లెమెంటీనా పుట్టినప్పుడు కూడా నోరు తెరిచి చిగుళ్ళు చూసి, అరికాళ్ళు తట్టి, అప్పుడు గానీ ఎత్తుకోలేదని మేనత్త బ్రిటానియా చెప్పి చెప్పి నవ్వేది.

గోలియత్ కుక్కలంటే ఆ చుట్టుపక్కల ఒక పేరు. మూడు పాళ్ళు గ్రేహౌండు, ఒక పాలు గొర్రెలు తోలే కుక్క. "కాళ్ళు దానివి, బుర్ర దీనిది. కాళ్ళు ఎక్కడైనా దొరుకుతాయి, బుర్ర దొరికి చావదు," అనేవాడు. ముళ్ళతీగ గీసినా దిగకుండా ఒంటి నిండా పీచులాంటి గరుకు బొచ్చు. పట్టిన కుందేలుని పన్ను దిగకుండా తెచ్చి ప్రాణంతో చేతికివ్వాలి. వీటన్నిటికీ పైన ఒక్కటే: నోరు మూసుకుని పరిగెత్తాలి.

మొరిగే కుక్క కరవదని సామెత. ఫెన్ నేలల్లో మొరిగే కుక్క కరవక్కర్లేదు, యజమానిని నేరుగా జైలు గుమ్మంలో దింపుతుంది. చేను దొరది, చేలో కుందేలు కూడా దొరదే, దానికి కాపలా ఉండే కీపర్ దగ్గర తుపాకీ, రెండు చెవులూ ఉంటాయి. గోలియత్ దగ్గర ఒకసారి చారల మగకుక్క ఉండేది. దాని అందం చూడ్డానికి పక్క జిల్లా బండ్లవాళ్ళు వచ్చేవారు. ఒక్కటంటే ఒక్కసారి పరుగులో మొరిగింది. పొద్దుగూకే లోపల దాన్ని పాత జీను ఒకటి తీసుకుని ఎవరికో మార్చేసి, ఆ కుక్క అనేది ఒకటి ఉండేదన్న సంగతే మర్చిపోయాడు.

కుక్కల్లో మగపిల్లల్ని అడిగినవాళ్ళకి ఇచ్చేవాడు. ఆడపిల్లను మాత్రం ఛస్తే ఇచ్చేవాడు కాదు. ప్రతి తరంలో ఒక్క ఆడదాన్ని ఉంచుకుని దానికి నెల్ అని పేరు పెట్టేవాడు. నెల్ కూతురు నెల్, దాని కూతురు నెల్. ఇప్పటి నెల్‌కి అమ్మమ్మ ఒక తెల్లవారుజామున కీపర్ బూటుకి బెత్తెడు దూరంలో, గడ్డిలో, నోట్లో బతికున్న కుందేలుతో, ఊపిరి బిగబట్టి పడుకుంది. కీపర్ చుట్ట కాల్చుకుని, చలికి కాళ్ళు విదిలించుకుని వెళ్ళిపోయాడు. ఆ కథ చెప్పేటప్పుడు గోలియత్ గొంతు కూడా తగ్గిపోయేది, కీపర్ ఇంకా అక్కడే ఉన్నట్టు.

రెండో ప్రపంచయుద్ధం అయిపోయి, రేషన్ కార్డులు ఇంకా పోని రోజుల్లో ఆయన మంచానపడ్డాడు. ఊపిరితిత్తులు. ఎండాకాలమంతా దగ్గు, ఆపిల్ పళ్ళు కోసే నాటికి లేచి కూర్చోవడమే గగనమైంది.

ఆ జిప్సీలలో మనిషి పోతే ఆ మనిషి వస్తువేదీ మిగలకూడదు. ఇల్లూ వాకిలీ అయిన బండిని తగలబెడతారు. పింగాణీ పగలగొడతారు. రాగీ ఇత్తడీ సుత్తితో చితక్కొట్టి కాలువలో పారేస్తారు. గుర్రాన్నీ కుక్కనీ తుపాకీతో కాల్చేస్తారు. పోయిన మనిషి పేరు కూడా తర్వాత ఎవరూ నోటితో అనరు. ఇందులో రాక్షసత్వం ఏమీ లేదు, పోయినవాడు తన సొత్తు కోసం వెనక్కి రాకుండా చూసుకోవడం అంతే. లెమెంటీనా కూడా దాన్ని ఎన్నడూ తప్పు పట్టలేదు. తల్లి పోయినప్పుడు తన చేతుల్తోనే అగ్గిపుల్ల గీసింది.

కానీ ఆ ఏడు ఆడపిల్ల నెల్ ఒక్కతే. గోలియత్ పోతే నెల్ పోతుంది, నెల్ పోతే ఆ వంశం అక్కడితో సరి. మంచానపడ్డవాడు ఊరికే ఇచ్చింది ఇచ్చినట్టు కాదు. అది చావుని మోసం చెయ్యడం, పెద్దవాళ్ళు ఒప్పుకోరు. చెల్లేది ఒక్కటే, మార్పిడి. వస్తువుకి వస్తువు పెట్టి, సాక్షి ఎదుట చేతిలో చెయ్యి చరిచి మార్చుకుంటే ఇక దేవుడు దిగొచ్చినా అది కొన్నవాడిదే. అయితే ఆ బేరం నిజం బేరమై ఉండాలి. కుక్కను తప్పించడానికి ఆడిన నాటకమని తేలితే చెల్లదు.

ఒక మధ్యాహ్నం ఆమె బండి మెట్టు మీద కూర్చుని, ఉల్లిపాయలు తరుగుతూ, అడగనట్టే అడిగింది.

"నాన్నా, నెల్‌ని నాకు మార్చెయ్యరాదూ."

"ఎందుకు? నేనెక్కడికి పోతున్నాను?"

"ఎక్కడికీ పోవట్లేదులే. ఊరికే అడిగా."

"ఊరికే అడిగే మొహమేనా నీది? మీ అత్త పంపించిందా, నన్ను పడుకోబెట్టే పెట్టెకి కొలతలు తీసుకురమ్మని?"

"అత్త ఏమీ అనలేదు."

"నా కుక్క నా బండి కిందే ఉంటది. నేను లేచాక చలికాలం వేటకి నేనే తీసుకెళ్తా. నువ్వు ముందు టీ పెట్టు."

ఆమె టీ పెట్టింది. తండ్రి లేవడని ఆయనకు తప్ప బండ్లన్నిటికీ తెలుసు. బహుశా ఆయనకూ తెలుసు, ఒప్పుకోవడం ఇష్టం లేదు. చావు మాట ఎత్తితే చావు వింటుందని ఆ తరం వాళ్ళ భయం. ఇక బతిమాలి లాభం లేదు. నెల్ ఆయన చేతుల్లోంచి బయటపడే దారి లోకంలో ఒక్కటే ఉంది, ఆ దారి ఆయన తన నోటితో పెట్టిన రూలే.

మర్నాడు తెల్లవారుతూనే నెల్‌ని తీసుకుని పంపుహౌసు వెనక బీట్ దుంపల చేలోకి వెళ్ళింది. కుందేలు లేచింది. నెల్ దాన్ని చేను చివరిదాకా తరిమి, మూడు మలుపుల్లో పట్టి, ఎప్పటిలాగే చప్పుడు లేకుండా తెచ్చి చేతికిచ్చింది. దాని పాదాలు తడిమి చూసి, మంచు తుడిచి, లెమెంటీనా చాలాసేపు కాలువ గట్టు మీద కూర్చుంది. పుట్టి బుద్ధెరిగి తండ్రితో అబద్ధమాడలేదు. అవసరం రాక కాదు, ఆడి బతికినవాళ్ళని చూడక.

తిరిగొచ్చేసరికి ఆయన దిండుకి ఆనుకుని చారు తాగుతున్నాడు.

"నాన్నా, నెల్ మొరిగింది."

చెంచా గిన్నెలో ఆగిపోయింది.

"ఎక్కడ?"

"పంపుహౌసు వెనక. కుందేలు మలుపు తిరిగినప్పుడు."

"ఎన్నిసార్లు?"

"రెండు."

"ముళ్ళతీగ గానీ తగిలిందా? దెబ్బకి అరిచుంటది."

అక్కడ అవునని ఒక్క మాట అంటే చాలు, కుక్కకి మన్నింపు దొరుకుతుంది. కానీ బేరం దొరకదు.

"తగల్లేదు. అంతా తడిమి చూశా. ఊరికే మొరిగింది."

గోలియత్ గిన్నె పక్కన పెట్టాడు. "మెట్టు దగ్గరికి పిలు దాన్ని."

కుక్క మైల, బండి లోపలికి రానివ్వరు. నెల్ వచ్చి ముందుకాళ్ళు మెట్టు మీద వేసి, వాటి మీద గడ్డం ఆనించి, లోపల మంచం వైపు చూసింది. ఆయన కుక్కను చూశాడు. తర్వాత కూతుర్ని చూశాడు. మళ్ళీ కుక్కను చూశాడు. బయట ఎవరో గుర్రానికి నీళ్ళు తోడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"దీని అమ్మమ్మ కీపర్ బూటు పక్కన పడుకుంది," అన్నాడు.

"తెలుసు నాన్నా."

"మొరిగినదాని పిల్లలు కూడా మొరుగుతాయంటారు. ఒకళ్ళు కాదు, ఇద్దరు కాదు. ఏళ్ళ తరబడి అంటారు. ఉంచుకున్నవాళ్ళు పడాలి."

"ఎవరో ఒకరు పడతారు."

"ఎవరూ తీసుకోరే. మొరిగిన కుక్కని ఎవడు తీసుకుంటాడు?"

"నేను తీసుకుంటా."

"పడతావా?"

"పడతాను."

ఆయన కాసేపు దగ్గాడు. దగ్గు తగ్గాక, "ఏమిస్తావ్?" అన్నాడు. ఆ ఒక్క మాటలో మళ్ళీ సంతలో గోలియత్ వినిపించాడు.

ఆమెకంటూ చెప్పుకోదగ్గ వస్తువు ఒక రాగి కెటిల్. బఠాణీ కోతల్లో సంపాదించి, ఊరూరా తిరిగే కంచరి దగ్గర తీసుకుంది. పొయ్యి సామాను ఆడవాళ్ళది, గోలియత్ దాన్ని ఎన్నడూ చేత్తో ముట్టలేదు. పైకి ధగధగ మెరుస్తుంది గానీ అడుగున అతుకుంది. తట్టి చూస్తే బొద్దుమని పలుకుతుంది. బేరం అక్కడే తప్పిపోతుందని ఆమెకు తెలుసు. వేరే వస్తువు లేదు.

బాబాయి ప్లేటోని పిలుచుకొచ్చింది. గోలియత్ తమ్ముడు, గుర్రాల బేరగాడు, నోట్లో ఎప్పుడూ గడ్డిపరక. సంగతి విని ఆయన గడ్డిపరక తీసేశాడు.

"నెల్ మొరిగిందా? మన నెల్?"

"మొరిగిందటరా," అన్నాడు గోలియత్. "నా బండి కింద ఇక వద్దు. ఈ పిల్ల కెటిల్ ఇస్తానంటోంది. సాక్షి ఉండు."

లెమెంటీనా కెటిల్ అందించింది. ఆయన దాన్ని రెండు చేతుల్తో తీసుకుని దుప్పటి మీద పెట్టుకున్నాడు. మూత మీద కాసేపు చెయ్యి ఉంచాడు. అంతే. తర్వాత అరచెయ్యి చాచాడు. ఆమె చరిచింది. ఆయన తిరిగి చరిచాడు. చెయ్యి వేడిగా, ఎండుటాకులా తేలిగ్గా ఉంది.

"అయిపోయింది. ఇక తీసుకుపో," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

బేరం నిలిచిందన్న సంతోషం ఆమెకు బండి దిగేదాకా కూడా లేదు. దుఃఖంలో అడుగు తట్టడం కూడా మర్చిపోయాడనుకుంది. మనిషిని తానే విరిచేశానని అనుకుంది. ఆ తర్వాత ఆయన నెల్ ఊసే ఎత్తలేదు. మొదటి మంచు పడ్డ వారంలో పోయాడు.

బండి కాలింది. పింగాణీ పగిలింది. ప్లేటో ఏడుస్తూనే అన్న గుర్రాన్ని కాల్చాడు. అప్పుడు బ్రిటానియా అత్త నెల్ వైపు చూసింది.

"ఆ కుక్క సంగతేంటి?"

"అది నాది అత్తా. చెయ్యి చరిచి మార్చుకున్నాం."

"మంచంలో ఉన్నవాడి దగ్గరా? ఎవరి చెవుల్లో పూలు పెడతావే?"

"కెటిల్ ఆయన సామానులోనే ఉంది. చూసుకో."

బ్రిటానియా ప్లేటో వైపు తిరిగింది. ప్లేటో తుపాకీ మడిచి చంకలో పెట్టుకుంటూ, "నేను చూశానక్కా. కుక్క మొరిగింది, వదిలించుకున్నాడు. నిజం బేరమే," అన్నాడు.

మొరిగిందన్న మాట వినగానే ఆవిడ అనుమానం తీరిపోయింది. పోయిన తమ్ముడి సంగతి ఆవిడకి తెలియనిదా? "ఇంత తెలివైనదానివి, అరిచే కుక్క కోసం మంచి కెటిల్ తగలేసుకున్నావా," అని తనే సుత్తి తీసుకుని ఆ కెటిల్‌ని నాలుగు దెబ్బల్లో రేకు చేసి కాలువలోకి విసిరేసింది.

నెల్ బతికింది. బతికినందుకు శిక్ష లెమెంటీనాకి పడింది. చలికాలం తిరక్కముందే ఆ మాట బండి బండికీ పాకింది. నెల్‌కి జత కట్టడానికి ఎవరూ తమ మగకుక్కను తేలేదు. ఆఖరికి ఊళ్ళో ఉండే ఒక గొర్రెల కాపరిని అడిగి, వాడి పెద్ద బూడిదరంగు కుక్కతో కట్టించింది. పుట్టిన పిల్లల్లో మంచివాటిని ఎంచి సంతకు తీసుకెళ్తే చూసి మెచ్చుకుని, తల్లి ఎవరని అడిగి, చేతులు వెనక్కి పెట్టుకునేవారు. బండి కాలాక ఆమె వేసుకున్న గుడారం పక్కనుంచి పోతూ కుర్రకారు భౌభౌమని అరిచేవాళ్ళు. కుక్కలు కిమ్మనేవి కాదు, ఆమె కూడా.

నెల్ వేటాడ్డం చూసినవాళ్ళు లేకపోలేదు. చప్పుడు లేకుండా పట్టింది కదా అంటే, "ఇవాళ పట్టిందిలే, దాని రోజు దానికొస్తుంది," అనేవాళ్ళు. మంచి పేరు నత్తలా వస్తుంది, చెడ్డపేరుకి లర్చర్ కాళ్ళు. నిజం చెప్పేద్దామా అంటే, చెప్పిన మరుక్షణం ఆ బేరం నాటకమవుతుంది, నెల్ మళ్ళీ పోయినవాడి సొత్తు అవుతుంది, బ్రిటానియా అత్త ఇంకా గుండ్రాయిలా ఉంది. కక్కలేక మింగలేక ఉండిపోయింది.

ఆ వెక్కిరింతలు ఆమెను పెద్దగా బాధపెట్టలేదు. ఒకే ఒక్క సంగతి బాధపెట్టేది. ఆ మనిషి జీవితమంతా ఒక్క పని సరిగ్గా చేశాడు, అది చెడిపోయిందనుకుంటూ పోయాడు. అలా అనుకునేలా చేసింది కన్నకూతురు. తర్వాత మరో కెటిల్ కొనుక్కోలేదు. రేకు డబ్బాలో కాచుకునేది. టీ కాగిన ప్రతిసారీ ఆ దుప్పటీ, మూత మీద పెట్టిన ఆ చెయ్యీ గుర్తొచ్చేవి.

ఏళ్ళు గడిచాయి. బ్రిటానియా అత్త పోయింది. నెల్ ముసలిదై, ఒక చలికాలం, గుడారం గుమ్మంలో నిద్రలోనే పోయింది. దాని కూతురు నెల్ వసంతంలో ఐదు పిల్లల్ని పెట్టింది. అవి కళ్ళు తెరిచి తప్పటడుగులు వేస్తున్న రోజుల్లో ప్లేటో బాబాయి వచ్చాడు. ఆయనకూ వయసు మీదపడింది, గడ్డిపరక మాత్రం అలాగే ఉంది.

లెమెంటీనా అప్పుడే పిల్లల్ని ఒక్కొక్కటిగా లాగి గడ్డి మీద పెడుతోంది. మొదటిది కుయ్యిమంది. రెండోదీ అంతే. మూడోది, చెవి మీద తెల్లమచ్చ ఉన్న ఆడపిల్ల, కాసేపు గాలి పీల్చి, నోరు మూసుకుని నడిచి వచ్చి తల్లి పొట్ట కింద దూరింది.

"అది నాకివ్వు," అన్నాడు ప్లేటో.

"మొరిగినదాని మనవరాలు బాబాయ్. జనం నవ్వుతారు."

"నవ్వనీ. ఈ వయసులో నన్ను చూసి ఎవరో ఒకరు నవ్వడం మంచిదే."

"ఆడపిల్లని బయటికివ్వడం మా ఇంట్లో లేదు."

"మరి ఇన్నేళ్ళు నోరు మూసుకున్నందుకు నాకేమీ లేదా?"

ఆమెకు అర్థం కాలేదు. అయినా ఆ ముసలాయన ఆనాడు సాక్షిగా నిలబడ్డాడు, ఆ మాట అనకపోతే నెల్ లేదు. పిల్లను తీసి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని అలాగే కోటు లోపలికి తోసుకున్నాడు. మామూలుగా గుర్రాల బేరగాడు పళ్ళు చూడకుండా ప్రాణి ఏదీ తీసుకోడు.

"నోరు చూసుకో బాబాయ్. రేపు నన్నంటావు."

"మీ నాన్న కెటిల్ అడుగు తట్టాడా?"

లెమెంటీనా చేతిలో నాలుగో పిల్ల ఉంది. దాన్ని కింద పెట్టడం మర్చిపోయింది.

"ఆ కెటిల్‌కి అతుకుందని మా ఆవిడకి తెలుసు, పక్కబండి దానికి తెలుసు," అన్నాడు ప్లేటో. "దేవుడిచ్చిన కూతురినే తట్టి తీసుకున్నవాడు, ఆ కెటిల్ తట్టడా? తడితే బొద్దుమంటది. ఆ మోత నేను వింటా, అతుకు కెటిల్‌ని తెలిసీ తీసుకుంటే అది నాటకమే. వింటే నేను రేపు అబద్ధపు సాక్షిని. అందుకని మూత మీద చెయ్యేసి ఊరుకున్నాడు. అది చూసే నాకు తెలిసింది. మీ అత్త ఉండగా చెప్పలేను, ఆ కుక్క ఉండగా చెప్పలేను. ఇప్పుడు చెప్పొచ్చు."

'పడతావా' అని ఆయన ఎందుకడిగాడో ఆమెకు అప్పుడు తెలిసింది. నెల్ మొరగలేదని ఆయనకు మొదటి నుంచీ తెలుసు. తెలిసీ, బతికినన్నాళ్ళూ గర్వంగా చెప్పుకున్న తన కుక్కల పేరు మీద ఆ మచ్చ పడనిచ్చాడు. వంశం మిగలడానికి పేరు వదులుకున్నాడు. చచ్చిపోతున్నానని ఒక్కసారి కూడా ఒప్పుకోని మనిషి, ఆ చేతి చరుపుతో ఒప్పుకున్నాడు.

ఆమె ఏడ్చింది. కళ్ళొత్తుకోవడం కాదు, గొంతెత్తి ఏడ్చింది. తల్లికుక్క తలెత్తి చూసింది గానీ చప్పుడు చెయ్యలేదు.

ప్లేటో కాలువ వైపు చూస్తూ, కోటు లోపల కదులుతున్న పిల్లను సర్దుకున్నాడు. "ఊరుకోవే లెమ్మీ. అరిచేదాన్ని ఎవరూ ఉంచుకోరు," అన్నాడు.

ఆమె ఏడుపులోనే నవ్వి, చేతిలో ఉన్న నాలుగో పిల్లను తీసుకెళ్ళి గడ్డి మీద పెట్టింది.